కూత ఆగాక మొదలయ్యే పాట

మీలో చాలామందిని ఇప్పుడు ఫోను లేపుతుంది. ఖరగ్‌పూర్‌లో ఒకప్పుడు ఊరిని నేను లేపేవాణ్ణి. గొప్పలు పోతున్నానని అనుకోకండి, నాకు జీతం ఇచ్చిందే అందుకు. రైల్వే కార్ఖానా పవర్ హౌస్‌లో బాయిలర్ దగ్గర పని నాది. వేళకి హూటర్ గొలుసు లాగడం అందులో ఒక భాగం. బెంగాలీలు దాన్ని భోఁ అనేవారు, మనవాళ్లు కూత అనేవారు. ఆ కూత విని పొయ్యి వెలిగించేవారు, పిల్లల్ని బడికి తరిమేవారు, సైకిలెక్కేవారు. మా ఖరిదా పేటలో ఎవరింట్లో అన్నం మాడినా, ఎవరికి హాజరు పోయినా తప్పు నాదే. సంతలో వంకాయలు ఏరుకుంటుంటే వచ్చి దెబ్బలాడిన ఆడవాళ్లున్నారు.

అందుకే ఒక చలికాలం పొద్దున తెల్ల అంగీ వేసుకున్న పొడుగాటి ఫాదర్ సైకిలు దిగి పవర్ హౌస్ గుమ్మంలో నిలబడితే, ఈయనకేం మాడిందో అనుకున్నాను.

"బావూ, ఏటిది? సలికాలం పొద్దున్న నీ కూత కిందకి దిగిపోతంది?" అన్నాడు.

నవ్వు ఆపుకోలేకపోయాను. మనిషి చూస్తే దొర. భాష చూస్తే మా తాత దిగొచ్చినట్టే ఉంది. తెలుగు ఆయన పుస్తకంలో నేర్చుకోలేదు, కార్ఖానాలో ఇనపరేకులు బిగించే రివెటింగ్ షాపు వాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. వాళ్లు ఏది ఎలా అంటే ఆయనా అలాగే అనేవాడు, తిట్లు మాత్రం మినహాయించి. అవీ అర్థమయ్యేవని తర్వాత తెలిసింది.

పొద్దున్నే బాయిలర్‌లో ఆవిరి ఒత్తిడి సరిగ్గా కట్టదు, అందుకే కూత కొంచెం దిగుతుందని చెప్పాను. ఆయన జేబులోంచి శ్రుతి చూసుకునే రెండు కొమ్ముల ఇనపముక్క తీసి మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "సాయంత్రంది బాగుంది. సాయంత్రంది నాకు సాలు" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు. పక్కనే ఉన్న మా ఫోర్‌మన్, బెంగాలీ దాదా, "పాగల్ నాకి?" అన్నాడు, పిచ్చివాడా ఏమిటని. నాకూ అదే అనుమానం.

ఆయనది క్రొయేషియా. అప్పటికి అది యుగోస్లావియాలో భాగం కాబట్టి ఊళ్లో అందరూ యుగోస్లావియా ఫాదర్ అనేవారు. ఇక్కడికి రాకముందు వాళ్ల ఊరి నాటకశాలలో పెద్ద వాద్యబృందానికి ఎదురుగా నిలబడి, చేతిలో సన్నటి పుల్లతో వాళ్లందరినీ నడిపించేవాడట. సొంతంగా సంగీతం రాసేవాడట కూడా. ఇవన్నీ ఆయన చెప్పుకుని తిరిగినవి కావు. టీ తాగుతూ ఒకసారి నేనే అడిగాను, అంత పెద్ద పని వదులుకుని ఈ బొగ్గు ఊరికి ఎందుకొచ్చారని.

"అక్కడ నా ముందు కూసున్నోళ్లందరికీ అన్నీ తెలుసు బావూ. నాకే ఏటీ తెలీని సోట కొన్నాళ్లు ఉందావనిపించినాది."

కొన్నాళ్లు అన్నాడు గాని మరి వెళ్లలేదు.

ఇక్కడ ఆయన చేరదీసిన పాటగాళ్ల జట్టు చూస్తే ఆ దేశం వాళ్లు ఏడ్చేవారేమో. అందరూ రివెటింగ్ షాపు, బాయిలర్ షాపు మనుషులు. క్రైస్తవులున్నారు, మా వంటి శ్రీకాకుళం వైపు హిందువులూ ఉన్నారు. సగం మందికి సుత్తిదెబ్బల హోరుకి చెవులు పోయాయి. హార్మోనియం మీద శ్రుతి ఇస్తే నవ్వి తలూపి, తమకి తోచిన చోట మొదలుపెట్టేవారు. వాళ్లందరికీ సందేహం లేకుండా వినపడేది ఊళ్లో ఒక్కటే ఉంది, నా కూత. ఆయన పవర్ హౌస్‌కి ఎందుకొచ్చాడో అప్పుడు అర్థమైంది.

ఇప్పటి పిల్లలకి దింపుడు కళ్లం అంటే తెలియకపోవచ్చు. శవాన్ని మోసుకెళ్తూ దారిలో ఒకచోట దించి, చెవిలో మూడుసార్లు పేరుపెట్టి పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతాడని. ఊళ్లలో పొలాల దగ్గర దించేవారట. మాకు పొలాలెక్కడివి? మా తాతల నాటి నుంచీ కార్ఖానా గేటే మాకు దింపుడు కళ్లం. సాయంత్రం కూత వేళకి తీసుకొచ్చి గేటు ముందు దించేవారు. పిలవడం అయ్యేసరికి కూత అయ్యేది, షాపుల్లోంచి వచ్చేవాళ్లు వచ్చి భుజం పట్టేవారు. క్రైస్తవులు పేరుపెట్టి పిలిచేవారు కాదు గాని, పెట్టెని మాత్రం అక్కడ దించకుండా వెళ్లేవారు కాదు.

ఫాదర్ మొదటిసారి అది చూసి రివెటింగ్ మేస్త్రిని అడిగాడట. ఆ మేస్త్రి నాకు వరసకి మావ, జట్టుకి పెద్ద.

"పలుకుతాడేటి?"

"పలకడు ఫాదర్."

"మరెందుకు పిలుస్తారు?"

"పిలవకపోతే మన మనసుకెలగ?"

"పలకకపోతే ఏటి సేస్తారు?"

"ఏటి సేస్తాం. ఎత్తుతాం."

ఆ ఎత్తడం మీదే ఆయన కన్ను పడింది. పిలిచాక పలకలేదని తెలిసిన క్షణం ఉంటుందే, అప్పుడు మోసేవాళ్ల చేతుల్లో బలం ఉండదు. ఒకడు ముందు లేస్తాడు, ఒకడు ఇంకా కన్నీళ్లు తుడుచుకుంటుంటాడు. పాడె ఒక పక్కకి ఒరుగుతుంది. ఇంటి ఆడవాళ్లు గొల్లుమంటారు. ఆయన పాట రాసింది ఆ ఎత్తడానికి. మాటలు కూడా తనవి కావు. క్రేను కింద బరువు లేపేటప్పుడు మనవాళ్లు అరిచే కేకే తీసుకున్నాడు: "నిమ్మదిగా ఎత్తండ్రా, కింద మనోళ్లున్నారు." దాన్నే నాలుగు రకాల గొంతులకి పంచి నోటితో నేర్పాడు. కాగితం మీద పెడితే చదివే నాథుడు లేడు కదా.

పద్ధతి ఇది. గేటు దగ్గర పిలవడం అయిపోతుంది. నేను కూత వేస్తాను. అందరూ ఆ స్వరాన్ని గొంతులో పట్టుకుంటారు. కూత ఆగడమే తడవు పాట అందుకుంటారు. ఫలానా మాట దగ్గర అందరి చేతులూ ఒకేసారి లేస్తాయి. వాళ్ల కోసం నేను కూతని టక్కున తెంపకుండా వాల్వు మెల్లగా మూసేవాణ్ణి. నన్నలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఒకసారి చేస్తే ఫాదర్ మర్నాడు వచ్చి నా భుజం మీద చెయ్యేసి వెళ్లాడు. ఆ రోజంతా నేలమీద నడవలేదు నేను.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఆ పాట నేనెప్పుడూ వినలేదు. పవర్ హౌస్ ఒక మూల, గేటు ఇంకో మూల. పైగా నా నెత్తిన ఆవిరి బుసలు. వాళ్లు పాడుతున్నంతసేపూ నేను లోపలే. ఎవరు పోయినా మర్నాడు మేస్త్రి మావని అడిగేవాణ్ణి, ఎలా వచ్చిందని. "లేసినాడు, దూది లేసినట్టు లేసినాడు" అనేవాడు. దాంతోనే నా కడుపు నిండేది.

తర్వాత ఆవిరి రోజులు అయిపోయాయి. బాయిలర్ ఆర్పేశారు. హూటర్ తీసెయ్యడానికి ఎవరికీ తీరిక లేక కప్పు మీదే ఉండిపోయింది. నన్ను కంప్రెషర్ హౌస్‌కి మార్చారు. అక్కడ గాలికి ఒత్తిడి పెంచి పైపుల్లో షాపులకి పంపడమే పని. కూతకి బదులు కరెంటు సైరన్ పెట్టారు. స్విచ్ నొక్కితే కింద నుంచి పైకి పాకి, మళ్లీ కిందకి జారిపోయేది. మొదటిరోజు విని ఫాదర్ నా దగ్గరికి వచ్చాడు.

"ఇది ఎక్కడా నిలబడదేటి బావూ?" అన్నాడు.

"స్విచ్చి గదా ఫాదర్. అంతే."

ఆ తర్వాత గేటు దగ్గర రెండు మూడుసార్లు పాడబోయారు. మన చెవిటివాళ్లు అలవాటు కొద్దీ సైరన్‌నే పట్టుకున్నారు. అది పైకి పోతే పైకి, కిందకి పోతే కిందకి, తలో దిక్కూ. శవం ముందు నవ్వులపాలు కావడమెందుకని మానేశారు. ఫాదర్ ఎవరినీ ఏమీ అనలేదు. ఇనపముక్క మోకాలికి కొట్టి ఒక్కొక్కడి చెవి దగ్గరా పెట్టి చూశాడు పాపం. వినపడుతోందని అందరూ మర్యాదగా తలలూపారు.

అదే కాలంలో ఆయన దేశం ముక్కలైంది, యుద్ధం వచ్చింది. ఒకరోజు కంప్రెషర్ హౌస్‌కి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"మా ఊరి నాటకశాల కాలిపోనాదట బావూ. నాను రాసినయ్యన్నీ అందులోనే ఉన్నాయి."

టీ తాగుతారా అని అడిగాను. తాగుతానన్నాడు. గ్లాసు పట్టుకున్న ఆయన వేళ్లు ఊరికే లేస్తూ దిగుతూ ఉన్నాయి. ఏదో ఒకటి అనాలని, "ఇక్కడిది ఒకటి ఉంది గదా ఫాదర్" అన్నాను. అని నాలిక్కరుచుకున్నాను. అదీ ఆగిపోయిందని నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు. ఆయన మాత్రం, "అవును, అది ఒకటి బాగా కుదిరినాది" అని గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు.

ఎక్కువ కాలం బతకలేదు. సుభాష్‌పల్లిలో చిన్న గదిలో జ్వరంతో పడుకుని, చూడ్డానికి వెళ్లిన మేస్త్రి మావతో ఒకటే అడిగాడట: "నన్నూ గేటు కాడ దించండి. పాటతో ఎత్తండి."

పోయిన రోజు పొద్దున్నే మావ కంప్రెషర్ హౌస్‌కి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సాయంత్రం ఫాదర్ని తెస్తన్నాం. నాకు పాత కూత కావాల."

"ఆవిరి ఏదీ మావా? బాయిలర్ సల్లారిపోయి ఎన్నాళ్లయినాది?"

"అయ్యన్నీ నాకు సెప్పకు. ఆ మనిసి మనోళ్లందరినీ ఎత్తించినాడు. ఆయనొక్కడికీ నేకుండా పోవాలేటి? కూత నేకపోతే మా సెవిటోళ్లకి సోట దొరకదురా."

అని గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. వెళ్లడు. చూస్తూ ఉంటే నాకు పైపు కనిపించింది. ఆవిరి లేకపోతేనేం, గాలి ఉంది కదా. హూటర్‌కి కావలసింది ఒత్తిడి. ఒత్తిడి నా దగ్గర బోలెడుంది. దింపుడు కళ్లం ఆశ అంటారే, సరిగ్గా అదే.

ఫోర్‌మన్ దాదా ముందు కళ్లెర్రజేశాడు. "తుమీ పాగల్ హోయే గేఛో?" అన్నాడు. ఫాదర్ కోసమని చెప్పాను. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "ఠీక్ హై. ఏక్ బార్" అన్నాడు. అనడమే కాదు, నిచ్చెన తానే పట్టుకున్నాడు. సాయంత్రం సైరన్ స్విచ్ ముట్టుకోవద్దని కబురు కూడా పంపాడు. మధ్యాహ్నం భోజనం మానేసి గాలి పైపుని పవర్ హౌస్‌లో హూటర్ పాత లైనుకి కలిపాం. వాల్వు తుప్పు పట్టి కదలకపోతే కిరసనాయిలు పోసి, సుత్తితో తట్టి, బతిమాలి తిప్పాం. నేను చేసిన పనుల్లో అంత శ్రద్ధగా చేసింది మరొకటి లేదు.

ముందుగా ఒకసారి ఊది చూసుకోవద్దా అని మీరడగొచ్చు. చూడ్డానికి లేదు. అది కూసిందంటే పని అయిపోయినట్టే. వేళకాని వేళ ఒక్కసారి మోగినా షాపులన్నీ ఖాళీ అయి జనం సైకిళ్లెక్కేస్తారు. మొదటిసారి మోగేది ఫాదర్ కోసమే మోగాలి. ఇనుము అదే, హూటర్ అదే, గొలుసు లాగే చెయ్యీ అదే. స్వరం మారుతుందని నాకెందుకు తోస్తుంది?

వేళయింది. గొలుసు లాగాను.

కూత వచ్చింది. కాని అది నా కూత కాదు. బాగా కిందకి, చాలా కిందకి, మంచంలో ఉన్న ముసలాయన మూలిగినట్టు వచ్చింది. వాల్వు పూర్తిగా తెరిచాను. చప్పుడు పెరిగింది గాని పైకి లేవలేదు. అవతల గేటు దగ్గర వాళ్లంతా ఆ స్వరాన్ని గొంతులో పట్టుకుంటున్నారని తెలుసు. ఆపేస్తే అసలుకే మోసం. ఏం చెయ్యను? ఎప్పటిలాగే మెల్లగా మూశాను.

ఆవిరిలో శబ్దం గాలిలో కంటే వేగంగా నడుస్తుందని, అందుకే అదే హూటర్ గాలితో ఊదితే స్వరం బాగా దిగిపోతుందని చాలా ఏళ్లకి ఒక ఇంజనీరు చెప్పాడు. బాగా చెప్పాడు. ఎవరికి కావాలి అప్పుడు?

"హోలో?" అన్నాడు దాదా నిచ్చెన కింద నుంచి. అయిందా అని. గేటు వైపు చెవి పెట్టాను. ఆవిరి లేదు కదా, పవర్ హౌస్ అంతా నిశ్శబ్దంగా ఉంది. జీవితంలో మొదటిసారి ఆ పాట నాకు వినపడాల్సిన రోజు అది. ఏమీ వినపడలేదు.

సమాధి దగ్గర అంతా అయ్యాక మావ తిరిగి వచ్చాడు. ప్యాంటు మోకాలి దగ్గర మట్టి. నన్ను చూసి కూర్చోమన్నట్టు చెయ్యి ఊపి, తానే ముందు కూలబడ్డాడు.

"అంత కిందన ఎవులి గొంతూ నేదురా. నోళ్లు తెరిసినాం. ఊపిరే వొచ్చినాది. పాట నేదు. కూత అయిపోనాది కాబట్టి ఎత్తాల గదా, ఎత్తినాం. ముందోళ్లు లేసినారు, ఎనకోళ్లు లేవనేదు. పెట్టె ఒరిగిపోనాది."

"పడిపోయిందా మావా?"

"పడనేదు. మోకాలు అడ్డేసినాను. కానీ నోపల ఆయన జరిగినాడు." ప్యాంటు మట్టి దులుపుకున్నాడు. "సెవులు పోయినోళ్లం, మాకు ఇనబడదు. సేతులకి తెలిసినాది."

నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. దాదా పైపు విప్పడానికి నిచ్చెన ఎక్కాడు. ఆ వయసులో ఆయన ఎక్కకూడదు, నేను వద్దనాలి. అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఆ పాట మళ్లీ ఎవరూ పాడలేదు. మావ పోయాడు. జట్టులో ఒక్కొక్కరే పోయారు. పాత హూటర్ తుక్కులో పోయింది. నేను రిటైరై సుభాష్‌పల్లిలో, మోకాళ్ల నొప్పులతో, మనవరాలి చేత ఫోను నొక్కించుకుంటూ బతుకుతున్నాను.

పోయిన చలికాలం ఒకామె టోటో, అదే బ్యాటరీ రిక్షా, దిగి మా గుమ్మంలో నిలబడింది. క్రొయేషియా నుంచి వచ్చింది, అక్కడ సంగీతం చెప్పే పంతులమ్మ. మా ఫాదర్ సంగీతాన్ని పోగుచేస్తోందట. అక్కడ ఆయన పేరు తెలిసినవాళ్లు ఇప్పుడు మళ్లీ పుట్టుకొచ్చారట. నాటకశాలలో కాలిపోగా మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చట. ఆయన చనిపోకముందు చెల్లెలితో ఫోనులో, "ఇక్కడ ఒకటి చేశాను, నా వాటన్నిట్లో అదే మంచిది" అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంత దూరం వచ్చింది ఆ తల్లి. చర్చి పారిష్‌లో ఎవరో నా పేరు చెప్పారు, జట్టుతో సంబంధం ఉండి బతికున్నవాడు ఇతనొక్కడేనని.

"ఒక్కసారి పాడతారా?" అని చిన్న రికార్డర్ నా ముందు పెట్టింది.

నా వచ్చీరాని రైల్వే ఇంగ్లీషులో చెప్పుకోవాల్సి వచ్చింది. అమ్మా, ఆ పాట ప్రతిసారీ నేనే మొదలుపెట్టాను గాని ఒక్కసారీ వినలేదని. ఆమెకి నమ్మబుద్ధి కాలేదు. మళ్లీ చెప్పాను.

వట్టి చేతులతో పంపబుద్ధి కాలేదు. ఖరిదాలో ఒక ముసలమ్మ ఉంది. ఫాదర్ ఉన్న రోజుల్లో ఆమె మొగుడు, బాయిలర్ షాపు మనిషి, చిన్న వయసులోనే పోయాడు. అతన్ని పాటతోనే ఎత్తారు. ఆమె దగ్గరికి తీసుకెళ్లాను. ముసలమ్మ మాటలు మాత్రం గడగడా చెప్పింది: "నిమ్మదిగా ఎత్తండ్రా, కింద మనోళ్లున్నారు." రాగం అడిగితే నా మొహంలోకి చూసింది.

"రాగం ఎవులిన్నారు బావూ? ఏడుస్తన్నాం గదా."

నిజమే. ఆ పాట విన్నవాళ్లందరూ అప్పుడు ఏడుస్తున్నవాళ్లే. నేనది చెప్పగానే దొరసాని రికార్డర్ మీద చెయ్యి పెట్టింది, ఆపడానికి. ముసలమ్మకి జాలేసినట్టుంది. దొరసాని చెయ్యి పట్టుకుంది.

"ఒకటి సెప్పగలను, రాసుకోమను. మా ఆయన్ని ఎత్తినప్పుడు పాడె రవ్వంత ఒరగనేదు. అంతమందీ ఒక్క మనిసి ఎత్తినట్టు ఎత్తినారు. నాను సూస్తనే ఉన్నాను. ఆ బాబు పాట సేసినాడంటే అదీ."

మాట పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఆమె కళ్లు నిండాయి. ముసలమ్మ చేతిని వదలకుండానే నా వైపు తిరిగింది.

"ఫాదర్ని ఎత్తినప్పుడు కూడా పెట్టె అలాగే లేచిందా?"

ముసలమ్మకి ఇంగ్లీషు రాదు. ఏమడిగిందన్నట్టు నన్నే చూస్తోంది.

"నేను పవర్ హౌస్‌లో ఉన్నానమ్మా, చూడలేదు" అన్నాను. అది అబద్ధం కాదు.